బురద లేని ఎన్నిక

అనగనగా ఒక అడవి. అలాంటిలాంటి అడవి కాదర్రా! దాని చెట్లు ఎంత పొడవంటే, చందమామ ఏదో ఒక కొమ్మకి తగులుకోకుండా ఏ రాత్రీ దాటలేదు. ఆ అడవి పేరు ఏడుగుట్టలు. దాని నడుమ ఒక మడుగు. పులి తాగినా పిట్ట తాగినా ఆ నీళ్ళే.

కొండమీంచి దిగే వాగు ఆ మడుగుని నింపేది. ఆ వాగు ఒక్క ఏడుగుట్టలదే కాదు. చుట్టుపక్కల అడవులన్నీ పంచుకోవాలి. అందుకని ఏటా ఎండలు ముదరకముందే కొండమీద మహాసభ జరిగేది. ఒక్కో అడవి ఒక్కో నియోజకవర్గం. ఒక్కో నియోజకవర్గానికి ఒక్కడే సభ్యుడు. వాడు సభలో లేచి, "మా వంతు నీళ్ళు" అని అడగాలి. అడిగితే ఇస్తారు. అడగకపోతే ఆ వంతుని పక్క అడవివాళ్ళు రాళ్ళు అడ్డంవేసి మళ్ళించుకుంటారు. సభ ఒప్పుకోకుండా ఆ రాళ్ళమీద చెయ్యేస్తే కాపలా పులులు చీల్చేస్తాయి.

మరి సభ్యుణ్ణి ఎలా ఎన్నుకునేవాళ్ళు? మడుగు ఒడ్డున తడి బురద ఉండేది కదా. పోటీ చేసేవాళ్ళు ఆ ఒడ్డున తలో చెట్టుకింద నిలబడేవాళ్ళు. ఓటరు వచ్చి, తనకి నచ్చినవాడి చెట్టు ముందు బురదలో ఒక్క కాలు మోపాలి. తాబేలు తాత పాకుతూ ఆ గుర్తులు లెక్కపెట్టేవాడు. గెలిచినవాడు గుర్తులున్న బురద పెళ్ళ ఒకటి కోసి, ఎండబెట్టి, సభకి పట్టుకెళ్ళాలి. అది చూపిస్తేనే పులులు లోపలికి వదిలేవి.

తాతల కాలంలో ఏటా ఏనుగమ్మే గెలిచేది. ఆవిడ సభలో ఒక్కసారి ఘీంకరిస్తే కొండ మూడు బారలు వెనక్కి జరిగేది! వాగు హడలిపోయి, తనంతట తనే పరిగెత్తుకొచ్చి మడుగులో దూకేది! మడుగులో ఆవిడ నిలబడితే వీపు కనపడేది కాదు. అన్ని నీళ్ళు. అలాంటి ఏనుగమ్మ ఒకనాడు కన్నుమూసింది. కష్టాలు అక్కణ్ణుంచే మొదలయ్యాయి.

ఆ ఏడు అడవిపంది కోరయ్య పోటీకి నిలబడ్డాడు. వాడి కంపుకి ఈగలు కూడా ముక్కు మూసుకునేవి. వాడి నోరు అంతకంటే కంపు.

"నేను అందగాణ్ణి కాను. మీకు పెట్టేదీ లేదు, పొగిడేదీ లేదు. సభకెళ్ళి నీళ్ళడుగుతా. ఇచ్చేదాకా లేవను. వేస్తే వెయ్యండి, లేదా ఎండి చావండి!" అన్నాడు కోరయ్య.

ఎదురు చెట్టుకింద నెమలి పింఛం విప్పింది. ఏం పింఛం అది! సూర్యుడు సిగ్గుపడి మబ్బు చాటుకెళ్ళి, మళ్ళీ సాయంత్రానికిగానీ రాలేదు.

"ఆ కంపుగొట్టు మొహం మన తరఫున సభలో నిలబడితే ఇంకేమైనా ఉందా? మన పరువు పోదూ!" అంది చుక్కమ్మ అనే పడుచు జింక. అందరూ పగలబడి నవ్వారు. నెమలి గెలిచింది.

సభలో పెద్దలు, "ఏడుగుట్టలవారూ, ఏమైనా అడుగుతారా?" అన్నారు. నెమలి ఆడింది. కొండంతా చప్పట్లు. ఆ మురిపెంలో నీళ్ళ మాటే మరిచిపోయి ఇంటికొచ్చేసింది. వాగుకి ఒక పక్క రాళ్ళు పడ్డాయి. మడుగు గేదె వీపుదాకా దిగింది.

మరుసటి ఏడు కోరయ్య మళ్ళీ నిలబడ్డాడు. ఈసారి ఎదురుగా తోకన్న అనే కోతి. ఎన్నిక ముందురోజు తోకన్న గుంటల నిండా ఇప్పపువ్వు నానబెట్టాడు.

"తాగు మామా! తాగవే అక్కా! మొహమాటపడకండి, మనలో మనకేంటి!" అంటూ తిరిగాడు.

ఎలుగుబంటి తాగిన తాగుడికి గుంట అడుగున రాళ్ళు కూడా తూలాయంటే నమ్మండి! తెల్లారి అది వచ్చి, ఒక్క కాలు మోపాల్సింది పోయి, బురదలో పడుకుని దొర్లింది.

"దీన్ని ఎన్ని ఓట్లనుకోవాలిరా?" అని తాబేలు తాత తల లోపలికి లాక్కున్నాడు. చుక్కమ్మ కూడా మత్తులోనే గిట్ట మోపింది. తోకన్న గెలిచాడు.

ఆ ఇప్పపువ్వంతా పక్క అడవివాళ్ళు పంపిందే. సభలో వాళ్ళు ఒక్క చూపు చూశారు. తోకన్న నోరు విప్పలేదు. వాగు సగం మూసుకుపోయింది. ఆ పైన వానలూ పలచబడ్డాయి. మడుగు మోకాలిలోతైంది.

మూడో ఏడు వచ్చేసరికి చుక్కమ్మకి ఒక కూతురు. పేరు చిన్నచుక్క. ఎన్నికనాటి పొద్దున తల్లీకూతుళ్ళు నీళ్ళకి వచ్చారు. ఒడ్డంతా తొక్కి తొక్కి నీళ్ళు చిక్కబడి ఉన్నాయి. చిన్నచుక్క మూతిపెట్టి, ఉమ్మేసింది. అప్పుడు కోరయ్య ఇసకలో ముట్టెతో చెలమ తవ్వుతున్నాడు. కాసిని తేట నీళ్ళు ఊరాయి.

"తాగవే గుంటా! మీ అమ్మకి నా కంపు పడదుగానీ నీళ్ళకి కంపు లేదులే" అన్నాడు.

పిల్ల గటగటా తాగింది. చుక్కమ్మ తల దించుకుంది.

"కోరన్నా, ఈసారి నా ఓటు నీకే" అంది.

"నాకెందుకు? దానికి వెయ్యి" అన్నాడు కోరయ్య, పిల్లని చూపిస్తూ.

మనసులో ఖాయం చేసుకుని చుక్కమ్మ ఒడ్డుకి నడిచింది. అక్కడ కొమ్ముల దొర నిలబడి ఉన్నాడు. పెద్ద దుప్పి. ఆ కొమ్ములమీద వాలిన పిట్టలు ఒక కొననుంచి ఇంకో కొనకి వెళ్ళాలంటే మధ్యలో రెండు రాత్రులు ఆగేవి!

"కొమ్ముల జాతివాళ్ళం, మనం మనం ఒకటి. పందికి ఓటేసి, రేపు మందలోకి ఏ మొహంతో వస్తావే?" అన్నాడు దొర. వెనకాల మందంతా ఆమెనే చూస్తోంది.

చుక్కమ్మ గిట్ట ఎత్తింది. కోరయ్య చెట్టుకేసి ఒకసారి చూసింది. మందకేసి ఒకసారి చూసింది. దొర చెట్టు ముందు దింపింది.

చిన్నచుక్క మాత్రం గెంతుకుంటూ కోరయ్య దగ్గరికి పోయి, తన బుల్లి గిట్ట మోపేసింది.

"పిల్లల ఓటు లెక్కకి రాదమ్మా" అన్నాడు తాబేలు తాత. అయినా ఆ గుర్తు చెరపడానికి చెయ్యిరాక, పక్కనుంచి పాకి వెళ్ళాడు.

కొమ్ముల దొర గెలిచాడు. సభలో కూర్చోడానికి తన కొమ్ములకి తగ్గ ఎత్తు రాయి వెయ్యలేదని పోట్లాడాడు. అలిగి లేచొచ్చేశాడు. నీళ్ళ మాట రాలేదు. వాగు పూర్తిగా మూసుకుపోయింది.

ఆ వేసవిలో కోరయ్య అడవంతా తవ్వాడు. ఒక్క చెలమా ఊరలేదు.

"అమ్మా, మడుగు ఎక్కడికెళ్ళింది?" అని అడిగేది చిన్నచుక్క.

"వస్తుందమ్మా" అనేది చుక్కమ్మ.

ఒక మధ్యాహ్నం ఆ పిల్ల పడుకున్న చోటినుంచి లేవలేదు.

ఆ ఏడు ఒక్క వానా పడలేదు. మళ్ళీ ఎన్నిక వచ్చింది. ఈసారి కోరయ్యకి ఎదురు ఎవరూ లేరు. నెమలి లేదు, తోకన్న లేడు, దొర ఎప్పుడో వేరే అడవికి పోయాడు. మిగిలిన ప్రాణులన్నీ ఈడ్చుకుంటూ కోరయ్య చెట్టు దగ్గరికే వచ్చాయి. ఎలుగుబంటి కాలు మోపింది. గుర్తు పడలేదు. కుందేలు మోపింది. పడలేదు. నేల పెళుసెక్కి, పగుళ్ళిచ్చి, బండలా ఉంది.

"ఉత్త చేతుల్తోనైనా వెళ్ళు కోరన్నా!" అని ఏడ్చింది కుందేలు. కోరయ్య వెళ్ళాడు. ఒళ్ళంతా పంజా గాట్లతో తిరిగొచ్చాడు.

"ఈ ఏటి పెళ్ళ ఏదన్నారు" అని చెట్టుకింద కూలబడ్డాడు.

అప్పుడు చుక్కమ్మ ముందుకొచ్చింది. ఆ చెట్టు ముందు, కిందటేటి బురదలో పడ్డ బుల్లి గిట్ట గుర్తు ఎండి అలాగే ఉంది. తన గిట్ట అందులో పెట్టి, బలమంతా పెట్టి నొక్కింది. పట్టలేదు. పక్కన నొక్కింది. పడలేదు. నేలమీద తలపెట్టి ఏడ్చింది.

ఇంకో కథలో అయితే ఆ కన్నీళ్ళకి ఏడు చెరువులు నిండాయని చెప్పేవాణ్ణి. ఇక్కడ చెప్పలేనర్రా. ఒక్క గిట్ట మోపేంత మట్టి కూడా తడవలేదు.

ఏడుగుట్టల్లో ఇప్పుడెవరూ లేరు. ఎండిన ఒడ్డున పాత గుర్తుల్లో రెండు మాత్రం చెరగకుండా ఉన్నాయి. దొర చెట్టు ముందు తల్లిది. కోరయ్య చెట్టు ముందు పిల్లది.

నీతి: మన కోసం అడిగేవాణ్ణి, ఎన్నుకునే వీలున్నప్పుడే ఎన్నుకోవాలి, తప్పుగా వాడిన ఓటు ఆఖరికి ఓటు హక్కునే మింగేస్తుంది.