గొడ్డలికి ముహూర్తం

మంజులగిరి రాజు చిత్రసేనుడికి ఒక పొద్దున్నే వింత ముచ్చట పుట్టింది. కోట తోటలోని పెద్ద మామిడిచెట్టును గొడుగులా గుండ్రంగా కత్తిరించాలి!

ఆస్థాన జ్యోతిష్కుడు త్రిలోచన సిద్ధాంతి పంచాంగం తిరగేసి, వేళ్లు మడిచి, మీసం దువ్వుకున్నాడు.

"మాఘ శుద్ధ దశమి ప్రభూ! దివ్యమైన ముహూర్తం."

తోటమాలి పోలన్న పరుగున వచ్చి చేతులు జోడించాడు. మాఘమంటే చెట్టు నిండా పూతే! ఇరవై ఏళ్లుగా నీళ్లు మోసి పెంచిన చెట్టది.

"కొమ్మలు కొట్టాల్సింది కాయలు కోశాక, ఆషాఢంలో ప్రభూ! అప్పుడు వానలకు కొత్త చిగురేస్తుంది. ఆ చిగురు ముదిరితే పైయేడు పూత. ఇప్పుడు కొడితే ఈ ఏడు ఒక్క పిందె కూడా దక్కదు."

"మట్టి పిసుక్కునేవాడివి, ముహూర్తాల గొడవ నీకెందుకురా?" అని కసిరాడు సిద్ధాంతి.

రాజు తేల్చేశాడు. "దశమినాడు నువ్వు గొడ్డలి ఎత్తాలి పోలన్నా. లేదంటే కోట వదిలి పోవాలి."

దశమి వచ్చింది. రాజు, రాణి, సభంతా తోటకు కదిలారు. చెట్టును చూసి అందరూ నోళ్లు వెళ్లబెట్టారు. మొదలుకు పట్టుచీర, రెమ్మరెమ్మకూ గాజులు. పోలన్న భార్య నలుగురు ముత్తైదువలతో కలిసి హారతి పడుతోంది.

"ఏమిట్రా ఈ వేషం?" అన్నాడు రాజు.

"సీమంతం ప్రభూ. నిండు పూత మీదుంది కదా తల్లి."

సిద్ధాంతి పొట్ట పట్టుకుని నవ్వాడు. "చెట్టుకు సీమంతమా! మరి మొగుడెవడురా?"

పోలన్న చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అదేంటి స్వామీ! ప్రభువుల జాతకంలో కుజదోషం ఉందని, రాణిగారికంటే ముందు ఈ చెట్టుకే తాళి కట్టించింది తమరే కదా!"

సిద్ధాంతి నవ్వు సగంలో ఆగిపోయింది. రాజు మొహం కందగడ్డయింది.

"ఇల్లాలు కడుపుతో ఉంటే మొగుడు చెట్టు కొట్టించకూడదని శాస్త్రం ఉందా, లేదా స్వామీ?"

"ఉంది... ఉందనుకో..." అని నీళ్లు నమిలాడు సిద్ధాంతి.

"మరి ఇక్కడ చెట్టే ఇల్లాలాయె!"

రాణి చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అక్కయ్యకు పురుడయ్యేదాకా గొడ్డలి మాటెత్తకండి."

రాజు గడ్డం తడుముకున్నాడు. "శాస్త్రం ప్రకారం మొగుడు క్షౌరం కూడా చేయించుకోకూడదు కదా! ఎప్పటిదాకా పోలన్నా?"

"ఎంత, జ్యేష్ఠం దాకానే ప్రభూ. కాయలు కోసేస్తే అయిపోయె."

తోటంతా గొల్లుమంది. రాజు కళ్లనీళ్లు వచ్చేలా నవ్వి, తన శాలువా తీసి పోలన్నకు కప్పాడు. చెట్టుకు హారతి పట్టమని పళ్లెం సిద్ధాంతి చేతికిచ్చాడు.