గోతిలోంచి లేచిన సెక్రటరీ

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో, మనకున్నట్టే, ఒక పంచాయతీ ఆఫీసు ఉండేది. నమ్మరేం? దేవుడు ప్రతి ప్రాణికీ ఏదో ఒక కష్టం ఇచ్చాడు. కష్టాలున్నచోట అర్జీలుంటాయి. అర్జీలున్నచోట ఆఫీసు లేకుండా ఎలా తల్లీ? కాస్త దగ్గరగా జరిగి కూర్చోండి. ఈ కథలో కొంచెం భయపడే చోటుంది. భయమేసినవాళ్లు పక్కవాళ్ల చెయ్యి పట్టుకోండి, స్వామిని తలుచుకోండి. మధ్యలో మాత్రం లేచి పోకండి.

ఆఫీసంటే ఒక రాతిగుహ. ప్రెసిడెంటు ఎలుగుబంటి, పేరు రోమేశం గారు. వచ్చినవాళ్లకి పానకం ఇచ్చి, గుహ ఊడ్చేది కొండముచ్చు తోకమ్మ. అర్జీలు రాసే సెక్రటరీ ఏదుపంది, పేరు కంటకయ్య.

ఏదుపందిని ఎప్పుడైనా చూశారా? ఒంటినిండా నలుపూ తెలుపూ చారల ముళ్లుంటాయి. కోపమొస్తే వీపు విదిలిస్తుంది. ముళ్లన్నీ జలజలమంటాయి. ఆ చప్పుడు వింటే చిరుతపులి కూడా దారి తప్పుకుంటుంది. దేవుడు దానికి కోరలివ్వలేదు, కొమ్ములివ్వలేదు. ఆ ముళ్లే ఇచ్చాడు.

కంటకయ్య ఆ ముళ్లతోనే అర్జీలు రాసేవాడు. వీపు నుంచి ఒక ముల్లు పీకి, నేరేడు రసంలో ముంచి, టేకాకు మీద రాసేవాడు. అంతవరకూ బాగానే ఉంది. చిక్కల్లా ప్రెసిడెంటు గారి మడితో వచ్చింది.

"ఒకసారి వాడింది ఎంగిలి," అనేవారు రోమేశం గారు. "ఆఫీసులో ఎంగిలి వస్తువు ఉండకూడదు. కుందేలు కష్టం రాసిన ముల్లుతో ఉడత కష్టం రాస్తే, కుందేలు దరిద్రం ఉడతకి అంటుకోదూ?"

అందుకని అర్జీ అర్జీకీ కొత్త ముల్లు. ఒకే ముక్క రాసినా సరే, టేకాకు రెండో వైపు తిప్పకుండా అవతల పారెయ్యడమే. పానకం తాగే మోదుగాకు దొప్పలూ అంతే. ఒక్క గుటక తాగి విసిరెయ్యడమే. ఎక్కడికి? గుహ వెనకాల ఒక గొయ్యి ఉండేది. తాతల కాలం నాటిది. ఎంత వేసినా నిండేది కాదు.

"మన అదృష్టం చూశావా కంటకయ్యా?" అనేవారు ప్రెసిడెంటు గారు. "ఏ ఆఫీసుకుంది ఇలాంటి గొయ్యి?"

"గొయ్యి బాగానే ఉందండీ. నా వీపే," అని కంటకయ్య నసిగేవాడు.

"మళ్లీ మొలుస్తాయిలేవయ్యా. నా బొచ్చు మొలవడం లేదూ?"

మొలుస్తాయి. నిజమే. కానీ ముల్లు మొలవడానికి పట్టే కాలం వేరు, అర్జీ రావడానికి పట్టే కాలం వేరు. కంటకయ్య వీపు పల్చబడిపోయింది.

ఒకరోజు చిరుతపులి అర్జీ పట్టుకుని వచ్చింది. వాగు రేవు బురదయిందట, బాగుచేయించాలట. కంటకయ్య రాస్తున్నంతసేపూ దాని కళ్లు ఆకు మీద లేవు.

"సెక్రటరీ గారూ, మీ వీపు ఈమధ్య బాగా గాలాడుతున్నట్టుంది," అంది.

"ఎండాకాలం కదండీ."

"మంచిది, మంచిది. ఇంకో అర్జీ కూడా ఉంది. రేపు తెస్తాను. ఎల్లుండి కూడా వస్తాను."

అంటూ పెదవులు నాక్కుంది. ఈ ఉద్యోగం తన ప్రాణాన్ని ఒక్కో ముల్లుగా పీకి గోతిలో పోస్తోందని కంటకయ్యకి అప్పుడు తెలిసింది.

ఇక ఇక్కణ్ణుంచి జాగ్రత్తగా వినండి.

మిట్టమధ్యాహ్నం. అడవిలో అదొక వేళ. ఆకు కదలదు. పిట్ట అరవదు. నీడలన్నీ చెట్ల కాళ్ల కిందికి దూరిపోతాయి. ఆ వేళ కంటకయ్య ఒక టేకాకు తీసుకెళ్లి గోతిలో వేశాడు. వెనక్కి తిరిగాడు.

"ఇంకో వైపు ఉంది," అంది గొయ్యి.

ఎండుటాకు మీద ఎవరో మెల్లగా నడిచినట్టుంది ఆ గొంతు. కంటకయ్య తొంగి చూశాడు. ఎవరూ లేరు. గాలి కాబోలు అనుకున్నాడు. గాలి లేదని అతనికి తెలుసు.

మర్నాడు అదే వేళకి దొప్పలు పారబోయడానికి వెళ్లాడు. లోపల్నుంచి జలజలా చప్పుడు వచ్చింది. నిండు వీపున్న ఏదుపంది విదిలించుకున్న చప్పుడు. కంటకయ్య తన వీపు విదిలించి చూశాడు. టిక్కు, టిక్కు. అంతే వచ్చింది. గోతిలోంచి మళ్లీ వచ్చింది, జలజలా. అది తన చప్పుడే. చిన్నప్పట్నుంచీ తను విన్న తన సొంత చప్పుడే. ఎంత వేసినా గొయ్యి ఎందుకు నిండడం లేదో అప్పుడు తోచింది. వేసినవన్నీ ఊరికే పడి లేవు. కింద కూర్చుని ఎవరో వాటిని ఏరుకుంటున్నారు.

మూడోనాడు భయపడి గోతివైపు వెళ్లలేదు. వాగులో మొహం కడుక్కుని ఆఫీసుకి వచ్చాడు. గుమ్మంలోనే నిలబడిపోయాడు.

తన చోట ఎవరో కూర్చుని ఉన్నారు.

దాని ఒళ్లంతా టేకాకులు, ఒకదాని మీద ఒకటి. మొహం ఉండాల్సిన చోట బోర్లించిన దొప్ప. వీపునిండా ఏదుముళ్లు, మొనలన్నిటికీ నేరేడు రంగు. అది వాడేసిన ఆకుని తిప్పి, రెండో వైపు రాస్తోంది. కరకరా, కరకరా. తోకమ్మ పానకం ఇస్తే, అడుగంటా తాగి దొప్పని నాకి పక్కన పెట్టుకుంది.

"ఏం కంటకయ్యా, కాస్త ఒళ్లు చేసినట్టున్నావే," అన్నారు రోమేశం గారు దానితో, కునుకుపాట్లు పడుతూనే. ఆయన ఎప్పుడూ ముల్లుని చూశారు గాని, ముల్లు వెనక ఉన్నవాణ్ణి ఎప్పుడు చూశారు గనక?

"అయ్యా, కంటకయ్యని నేనండీ," అన్నాడు గుమ్మంలోంచి.

ప్రెసిడెంటు గారు ఒక కన్ను తెరిచారు. "కంటకయ్య ఇక్కడున్నాడుగా ఒంటినిండా ముళ్లతో. నీకేవీ?"

"మీ అర్జీలకే అయిపోయాయండీ."

"అంటే నువ్వు అయిపోయినవాడివన్నమాట. తోకమ్మా, అయిపోయినవి ఆఫీసులో ఉంచుతావేం? అవతల పారెయ్యి."

"గొంతు మన సెక్రటరీదిలా ఉందయ్యా," అని గొణిగింది తోకమ్మ. అయినా చీపురు తీసింది. "ఏమనుకోకు బాబూ, పెద్దవాళ్ల మాట," అంటూ గుమ్మం దాటించింది, గుహ చుట్టూ తిప్పింది, గోతిలోకి తోసేసింది.

అమ్మా, పక్కవాళ్ల చెయ్యి ఇప్పుడు పట్టుకోండి.

గోతిలో చల్లగా ఉంది. కంటకయ్య ఆకుల మీద పడ్డాడు. ఏళ్లనాటి ఆకులు. ఒక్కటీ కుళ్లలేదు, మట్టి కాలేదు. దొప్పలు తడి ఆరకుండా అలాగే ఉన్నాయి. చీకట్లో అన్నీ అతని వైపు తిరిగాయి.

"నువ్వూ అయిపోయావా?" అని అడిగాయి.

"లేదు," అన్నాడు కంటకయ్య ఏడుపు గొంతుతో. "నాకింకా ఆయుష్షుంది."

"మాకూ ఉంది," అన్నాయి.

"నాకు ఇంకో వైపుంది," అంది ఒక ఆకు. "నన్ను ఒక్క గుటకకే విసిరేశారు," అంది ఒక దొప్ప. ఒక ముల్లు దొర్లుకుంటూ వచ్చి అతని కాలికి తగిలింది. "నేను నీ ఒంట్లో పుట్టాను. ఒక్క మాట రాయించి పారేశావు. నా మొన ఇంకా అరగనే లేదు."

కంటకయ్య దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. అది వెచ్చగా ఉంది.

ఆ గోతి అడుగున ఒక పాత బొరియ ఉంది. అందులోంచి పోతే కొండ అవతల తేలవచ్చు. అక్కడ ఆఫీసు లేదు, రోమేశం గారు లేరు. ఎవరూ అతన్ని ఆపలేదు. బొరియలో సగం దూరం పాకాడు కూడా. వెనకాల ముళ్లు మెల్లగా గలగలమన్నాయి. పిలవలేదు, తిట్టలేదు. అంతే, గలగలమన్నాయి.

"స్వామీ," అనుకున్నాడు కంటకయ్య, "నువ్విచ్చినవాటిని ఇక్కడ వదిలేసి నేనెక్కడికి పోను? పోయినా నన్ను నేనెలా కాపాడుకోను?" వెనక్కి పాకి వచ్చాడు.

"మీకేం కావాలి?" అని అడిగాడు.

"మాకు అయిపోవాలని ఉంది," అన్నాయి అన్నీ కలిసి.

అతను మోయగలిగినన్ని ముళ్లని తీగతో మోపు కట్టాడు. ఆకులు వీపున వేసుకున్నాడు. దొప్పలు ఒకదాంట్లో ఒకటి పెట్టి మెళ్లో కట్టుకున్నాడు. మట్టిని గోళ్లతో పట్టుకుంటూ పైకెక్కాడు. గట్టు మీద చిరుతపులి కూర్చుని ఉంది.

"మీకోసమే చూస్తున్నా సెక్రటరీ గారూ. ఈసారి అర్జీలేం తేలేదు. ఉత్త చేతులతో వచ్చాను."

కంటకయ్య మోపు పట్టుకుని విదిలించాడు. జలజలా. దానికి జవాబుగా కింద గోతిలో మిగిలినవన్నీ ఒక్కసారిగా జలజలమన్నాయి. చిరుత చెవులు వెనక్కి వాలిపోయాయి. ఎండలో నిలబడి వణికింది.

"వీపు గాలాడుతోందని ఏదో మాటవరసకి అన్నాను. మనసులో పెట్టుకోకండి," అని, వెనక్కి వెనక్కి అడుగులేస్తూ పొదల్లోకి పోయింది.

కంటకయ్య ఆఫీసుకి వెళ్లి, ఆ ఆకుల ఆకారానికి ఎదురుగా కూర్చున్నాడు. రోమేశం గారు కునుకులో ఉన్నారు, తోకమ్మ ఆ ముళ్ల మోపు చూసి చీపురు పక్కన పెట్టేసింది. ఆకారం తల ఎత్తి చూసింది. అప్పుడే ఒక ఉడత అర్జీ చెప్పుకోవడానికి వచ్చింది. ఇద్దరు సెక్రటరీలని చూసి తోక నోట్లో కుక్కుకుంది.

"ఇలా రావమ్మా," అన్నాడు కంటకయ్య. పాత ముల్లు తీశాడు. పాత ఆకు తిప్పాడు.

"ఇది కుందేలు కష్టం రాసిన ఆకు కాదూ? నాకు అంటుకోదు కదా?"

"అంటుకుంటే మంచిదే తల్లీ. ఒకరి కష్టం ఇంకొకరికి కాస్త అంటుకోవాలి. లేకపోతే తీర్చేదెవరు?"

అర్జీ పూర్తయింది. ఎదురుగా ఉన్నదాని ఒంటిమీంచి ఒక ఆకు ఊడి కిందపడింది. కంటకయ్య దాన్ని తీసి తన కట్టలో పెట్టుకున్నాడు. ఇంకో అర్జీ రాశాడు. ఒక ముల్లు రాలింది. అలా రాసుకుంటూ పోయాడు. గోతిలో మిగిలిన ముళ్లూ ఆకులూ మోపులుగా పైకి తెచ్చుకున్నాడు, పాత దొప్పలు కడిగి తోకమ్మకిచ్చాడు. మొన అరిగేదాకా ఒక్కటే ముల్లు, చోటు నిండేదాకా ఒక్కటే ఆకు. నోటితో తేలిపోయే తగువైతే అసలు ఆకే తియ్యలేదు. వానాకాలం వచ్చేసరికి ఎదురుగా ఉన్న ఆకారం పిట్టంత అయిపోయింది. కంటకయ్య వీపున తెల్లగా కొత్త ముళ్ల మొనలు తేలాయి.

చివరికి ఆ చోట ఒక్క దొప్ప మిగిలింది, మొహంగా ఉన్న దొప్ప. ఆవేళ రోమేశం గారికి కునుకు పట్టలేదు. మొదటిసారి ఎదురుగా ఏముందో కళ్లారా చూశారు. దొప్ప ఆయనవైపు తిరిగింది.

"ప్రెసిడెంటు గారూ, మీకింకా ఆయుష్షుందా?" అని అడిగింది.

ఆయన ఒంటిమీద బొచ్చంతా నిక్కబొడుచుకుంది. గుమ్మంలో చీపురు పట్టుకున్న తోకమ్మ కనిపించింది. ఆ చీపురు ఎవరి మీదికి తిప్పించారో అప్పుడు గుర్తొచ్చింది.

"కంటకయ్యా," అన్నారు, "ఆ రోజు గుమ్మంలో నిలబడింది నువ్వేనా?"

"నేనేనండీ."

రోమేశం గారు లేచి ఆ దొప్పని రెండు చేతులా తీసుకున్నారు. వాగుకి వెళ్లి తనే కడిగారు. తోకమ్మ చేత అందులోనే పానకం పోయించుకుని తాగారు. ఆ రోజే కాదు, దాని పుల్ల ఊడి, ఆకు చిరిగి, చుక్క నిలవని దాకా అందులోనే తాగారు. తర్వాత ఆఫీసుకొచ్చే ప్రతివాళ్లూ సొరకాయ బుర్రలు చంకన పెట్టుకుని రావడం మొదలుపెట్టారు. కొత్త దొప్ప కావాలని అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

ఆ పాత ముళ్లలో ఆఖరిది రాసి రాసి వేలెడంత అయింది. ఒక మధ్యాహ్నం అది నేరేడు రసం పీల్చడం మానేసింది. కంటకయ్య దాన్ని గుహ వెనక్కి తీసుకెళ్లాడు. ఎండ నడినెత్తిన ఉంది. ఆకు కదలడం లేదు. దాన్ని కళ్లకద్దుకుని గోతిలో వదిలాడు. అంచున కూర్చుని, భయంభయంగా లోపలికి వంగాడు.

"ఇంకేమైనా ఉందా?" అని అడిగాడు.

జవాబు రాలేదు. చాలాసేపు చెవి ఒగ్గి విన్నాడు. లోపల్నుంచి తడిమట్టి వాసన మాత్రం పైకి వచ్చింది.

నీతి: ఆయుష్షు తీరకముందే ఏ వస్తువునీ పారెయ్యకండి. పారెయ్యడం అలవాటైన చేతికి, వస్తువుకీ ప్రాణికీ తేడా తెలియదు.