తెనెంబా తమ్ముడి కథ

"గురువుగారూ, నోటితో చెప్పుకునే కథను తీసుకెళ్లి నేను కాగితం మీద పెట్టాను. అది బతికుందా, చచ్చిపోయిందా?" అని సిరా అడిగింది.

అడిగింది బురామాను. ఆయన పశ్చిమాఫ్రికాలో, నైజర్ నది ఒడ్డున ఒక పాత పట్టణంలో కథాగాయకుడు. ఆ నేలలో కథలను కాపాడేది కొన్ని వంశాలవాళ్లే. రాజుల పుట్టుపూర్వోత్తరాలు, యుద్ధాలు, వలసలు అన్నీ వాళ్ల నాలుక మీదే ఉంటాయి. సిరా కూడా అలాంటి వంశపు ఆడపడుచే. చిన్నతనంలో బురామా ఎదుట కూర్చుని వల్లె వేసింది. తరవాత ఫ్రెంచి బడిలో చదివింది, రాజధానిలో పంతులమ్మ అయింది. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో ఫ్రెంచిలో ఒక నవల రాసింది. తెల్లదొరలు రైలుదారి వేయడానికి ఊళ్ల మీద పడి మగవాళ్లను పట్టుకుపోయిన కాలపు కథ అది. దూరదేశాలవాళ్లు దాన్ని మెచ్చుకున్నారు. సొంత ఊళ్లో పెద్దలు మాత్రం ముఖం తిప్పుకున్నారు. వంశం ఇచ్చిన నాలుకను పరాయివాళ్లకు అమ్ముకుందన్నారు.

బురామా ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పే మనిషి కాదు. పుస్తకం తీసుకుని తన వెంట రమ్మన్నాడు. కాస్త దూరం పోయాక, దారి ఎవరింటికో సిరాకు అర్థమైంది. కాళ్లు ఆగిపోయాయి.

"ఆ ఇంటికి వద్దు గురువుగారూ. ఆవిడ నా ముఖం కూడా చూడటం లేదు."

"కథ బతికుందో లేదో ఇంకెవరు చెబుతారు?" అన్నాడాయన.

ఆ ఇల్లు తెనెంబాది. బట్టలకు నీలిరంగు వేసి బతికే ముసలామె. సిరా నవలలో ఆమె తమ్ముడు ఫమోరో తన సొంత పేరుతోనే ఉన్నాడు. పడుచుతనంలో అతన్ని రైలుదారి పనికి పట్టుకుపోయారు. కొండ తొలిచేచోట రాయి విరిగి మీద పడి చనిపోయాడని ఎవరో వచ్చి చెప్పారు. శవం రాలేదు, కర్మ జరగలేదు. ఇదంతా సిరా తన తల్లి చెప్పగా విని రాసింది. తెనెంబాను మాటమాత్రంగానైనా అడగలేదు.

వాళ్లను చూసినా తెనెంబా రంగుకుండలోంచి చేతులు తీయలేదు.

"నాకు రాని భాషలో నా తమ్ముణ్ణి పాతిపెట్టావు. సమాధి చూపించడానికి వచ్చావా?"

బురామా ఒక పీట లాక్కుని కూర్చుని, "చదువు" అన్నాడు.

ఆమె ఫ్రెంచిలో ఉన్నదాన్ని ఊరి భాషలోకి మార్చుకుంటూ చదవడం మొదలుపెట్టింది. మాటలు తడబడ్డాయి. తెల్లవారుజామున ఆకాశం ఎలా ఉందో ఎంతో ముచ్చటపడి రాసుకున్న పొడుగాటి వాక్యం ఒకటి నోట్లోనే చిక్కుకుపోయింది. దాన్ని వదిలేసి ముందుకు వెళ్లింది. మనం కథకు ఊఁ కొట్టినట్టు అక్కడివాళ్లు "నాము" అంటారు. ఆ మాట లేకపోతే కథ చెప్పేవాడు గోడతో మాట్లాడుకున్నట్టే. తెనెంబా ఆ మాట అనలేదు. బురామా కూడా అనలేదు.

కథలో సిపాయిలు వచ్చారు. మగవాళ్లను ఒకే తాడుకు వరసగా కట్టారు. ఊరి పొలిమేర దగ్గర ఫమోరో వెనక్కి తిరిగి, ఏడుస్తూ వెంటపడుతున్న అక్కతో, "ఎసరు పొంగిపోతోందే, ఇంటికెళ్లు" అన్నాడు.

"నాము" అంది తెనెంబా.

చేతులు తుడుచుకోకుండానే వచ్చి సిరా ఎదుట నేల మీద కూర్చుంది. ఇక కథ సాగింది. పని, ఆకలి, కొండ, రాయి. ప్రతి మాటకూ ఆమె నాము అంటూనే ఉంది. తమ్ముడు పోయినచోట కూడా అంది, కాకపోతే అక్కడ గొంతు బయటికి రాలేదు, పెదవులు మాత్రం కదిలాయి.

"పొలిమేర దగ్గరిది ఇంకోసారి చదువమ్మా" అంది తెనెంబా.

సిరా చదివింది. "ఫమోరో తల తిప్పి..."

"ఆగు. ఇందాక వెనక్కి తిరిగాడన్నావు. ఇప్పుడు తల తిప్పాడంటున్నావు. అందులో ఏముంది?"

సిరా పేజీలోకి చూసింది. అక్కడ ఉన్న ఫ్రెంచి మాటకు రెండు అర్థాలూ చెప్పుకోవచ్చు. ఊరి భాషలో ఆ వాక్యం ఇంకా ఎవరూ రాయలేదు.

"నేను అప్పటికి పుట్టనేలేదు పెద్దమ్మా. నువ్వే చెప్పాలి" అంది. అడగవలసిన మాట అడగడానికి ఆమెకు ఇన్నాళ్లు పట్టింది.

తెనెంబా కళ్లు మూసుకుంది. "తలే తిప్పాడు. ముందూ వెనకా మనుషులను బిగించి కట్టారు కదా, ఒళ్లెలా తిరుగుతుంది? తల ఒక్కటే వాడి వశంలో ఉంది."

సిరా కలం తీసి, అచ్చువేసిన ఫ్రెంచి వరస పక్కన, పేజీ అంచులో ఆ మాటలు రాసింది. పుట్టినప్పటినుంచీ మాట్లాడుతున్న భాషను ఆమె చేత్తో రాయడం అదే మొదలు. ఏ అక్షరం పెట్టాలో తోచక ఒకటి రెండుచోట్ల ఆగింది. రాసింది పైకి చదివి వినిపించింది. తెనెంబా మళ్లీ చదివించుకుంది, ఆ పైన మళ్లీ. ఈసారి ఒక్క మాటా మారలేదు. ఆమె వేలితో ఆ వరసను తడిమితే కాగితానికి నీలిరంగు అంటుకుంది. ఏడుస్తూనే, "మీవాళ్లు వీడికి ఒక్క పాటైనా కట్టలేదు" అని బురామాతో అంది.

"మా పాటల్లో గుర్రం ఎక్కినవాళ్లకే చోటుండేది" అన్నాడాయన.

తిరిగి వస్తుంటే సిరా మళ్లీ అడిగింది. "ఇంతకీ నేను చేసింది తప్పా, ఒప్పా, గురువుగారూ?"

బురామా ఆమె చేతిలోని పుస్తకం తీసుకుని, ఆ పేజీ తెరిచి చూశాడు. కిందికి వచ్చేసరికి అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి.

"మన భాషకు ఈ అంచు చాలా ఇరుకు తల్లీ" అని పుస్తకం ఆమెకిచ్చేశాడు.