కందకు పట్టిన పేరు దురద

ఒకప్పుడు కంద తియ్యగా, మెత్తగా ఉండేది. పచ్చిది కోసుకు తిన్నా గొంతు చల్లబడేది. గోదావరి లంకల్లో ఎవరింట విందు జరిగినా ఆకులో మొదటి కూర కందదే.

ఒకనాడు తోటల అధికారి ఒకాయన టోపీ పెట్టుకుని వచ్చాడు. కంద మొక్క చుట్టూ తిరిగి చూసి, "ఎలిఫెంట్ ఫుట్ యామ్!" అని, చీటీ రాసి పక్కన గుచ్చి వెళ్ళాడు.

ఇంకేం, కంద నేలమీద నిలవలేదు. "విన్నావుటే బచ్చలీ! నిన్నటిదాకా రెండక్షరాలదాన్ని. ఇవాళ నా పేరు పలకాలంటే నోరు ఐదుసార్లు ఆడించాలి."

"ఏనుగు కాలు అన్నాడే, పిచ్చిమొహమా!" అంది బచ్చలి తీగ.

"తెలుగులో అంటే తిట్టు. ఇంగ్లీషులో అంటే బిరుదు," అంది కంద.

మర్నాడు తోట ఆసామి భార్య బుల్లెమ్మ గునపంతో వచ్చింది. కొత్తల్లుడు భోజనానికి వస్తున్నాడు మరి. "కందమ్మా, రావే తల్లీ!"

"పూర్తి పేరు పెట్టి పిలిస్తేనే వస్తాను," అని కంద ఆ పేరేమిటో చెప్పింది.

బుల్లెమ్మ గొంతు సవరించుకుంది. "ఎలిపెంటు పుట్టు యాము!"

కందకు ఒళ్ళు మండింది. "ఏనుగును ఎలకపెంట చేశావు కదా! ఐదు ముక్కల పేరు ఎనిమిది ముక్కలెలా అయింది? చివర ఆ 'ఉ'లు తీసెయ్. పొల్లు పలకాలి, పొల్లు!"

"పొల్లంటే చెరిగి పారబోసేది కదమ్మా! నోట్లో పెట్టుకోమంటావేంటి?"

ఇక లాభం లేదని కందే పాఠం మొదలుపెట్టింది. ఫెంట్! ఫుట్! యామ్! అన్నప్పుడల్లా ఓ పొల్లు పల్లేరుముల్లులా విరిగి దాని కండలోనే దిగబడింది. ఇంగ్లీషన్నాక ఆ మాత్రం గుచ్చుకోదా అని ఓర్చుకుంది, వెర్రిది.

పొద్దెక్కుతోంది. బుల్లెమ్మకు విసుగొచ్చింది. గునపంతో పెళ్ళగించి, సగం ముక్క వండేసింది.

"ఏం కూరండీ అత్తయ్యగారూ?" అన్నాడు అల్లుడు.

"నాకు నోరు తిరగదు బాబూ. చదువుకున్నోరు, మీరే తిని చెప్పండి."

అల్లుడు పెద్ద ముద్ద పెట్టుకుని, "ఓ, ఇదా! ఎలిఫె..." అన్నాడు. అంతే, పొల్లులన్నీ గొంతులో గుచ్చుకున్నాయి. గొంతు గోక్కుంటూ, కళ్ళనీళ్ళు కారుస్తూ, "కం... ద!" అని మాత్రం అనగలిగాడు.

బుల్లెమ్మకు తల కొట్టేసినట్టయింది. మిగిలిన ముక్కను పెంటకుప్ప మీదికి విసరబోయింది. ఆకులో మొదటి కూర గతి అదీ! కంద బావురుమంది. "కంద అన్నా పలుకుతాను, పారెయ్యకు తల్లీ!"

బచ్చలికి జాలేసింది. "దాన్ని నాతోపాటు చింతపండు పులుసులో వెయ్యి బుల్లెమ్మా. పొల్లులు మెత్తబడతాయి," అంది.

అప్పటినుంచే కందను పులుపూ బచ్చలీ తోడు లేకుండా తింటే గొంతు దురద పెడుతుంది. ఆ దురదలో ఎంత చదువుకున్నవాడైనా ఐదు ముక్కలు పలకలేడు. రెండక్షరాలతోనే సరిపెట్టుకుంటాడు.