తెర అడిగిన ప్రశ్న

నంద్యాల బస్టాండు వెనక సందులో ల్యాప్‌టాప్‌లు బాగుచేసే మద్దిలేటికి చేతిలో పనితనం ఎంత ఉండేదో, తెర మీద వచ్చిన ప్రశ్నను చదవకుండానే ‘సరే’ నొక్కేసే తొందర కూడా అంతే ఉండేది.

అతని పనికి వంక పెట్టడానికి లేదు. అట్టముక్కలా పలచగా ఉండే ల్యాప్‌టాప్‌ను బోర్లా పెట్టి, స్క్రూలు తీసి, ప్లాస్టిక్ రేకుతో అంచు వెంబడి గీరితే మూత చప్పుడు లేకుండా విడివడేది. ఎక్కడా గీత పడేది కాదు. “పని నా చేతులకు తెలుసు. మధ్యలో కళ్ళెందుకు?” అని గొప్పలు పోయేవాడు. పక్క కొట్లో ఫోన్ల కవర్లు అమ్మే ఖాజా, “మద్దిలేటన్నా, నీకు ఆ కళ్ళు దండగ. ఎవరికైనా అమ్మెయ్” అని ఎగతాళి చేసేవాడు. మద్దిలేటికి అది కూడా మెచ్చుకోలులాగే వినపడేది.

ఒకరోజు పొద్దున్నే సుంకులమ్మ టీచరు తన ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చింది. గడ్డి బీళ్ళ మధ్య ఉన్న ఒక ఊళ్ళో ఆమె సైన్సు చెప్పేది. సెలవు దొరికితే మైకు తీసుకుని బీడులో కూర్చునేది. పిట్టల కూతలు రికార్డు చేసేది. పెళ్ళికి ముందు మొదలుపెట్టిన పని అది. ఇప్పుడు ఆమె కూతురు కాలేజీలో చదువుతోంది.

“నిండిపోయింది నాయనా. కొత్త కూత ఒక్కటి కూడా పట్టడం లేదు. పెద్ద డిస్కు వెయ్యి. లోపల ఉన్నవి మాత్రం ఒక్కటీ పోకూడదు” అంది.

“ఇంకో కాపీ ఉందా మేడమ్?”

“ఉండేది. మొన్నటి వానకు ఇల్లు కురిసి అది తడిసిపోయింది. అందుకే భయపడి పరిగెత్తుకొచ్చినా. ఉండు, విప్పే ముందు ఒకటి విను.”

ఆమె ల్యాప్‌టాప్‌లోంచి ఒక కూత వినిపించింది. “బట్టమేక పిట్ట. మనిషి నడుమెత్తు ఉంటుంది. మా బీళ్ళలో ఇప్పుడు ఒక్కటి లేదు. మా బడి పిల్లలు ఒక్కరూ చూడలేదు. దీని పిలుపు నాకు దొరికింది ఒక్కసారే.”

“బాగుంది మేడమ్” అన్నాడు మద్దిలేటి. అతను అప్పుడు స్క్రూడ్రైవర్లు ఏరుకుంటున్నాడు.

మూత తీశాడు. ముందు బ్యాటరీ తీగ ఊడదీశాడు. తర్వాత పాత డిస్కును పట్టి ఉంచిన ఒకే ఒక్క స్క్రూ తీశాడు. డిస్కు తటాలున తల ఎత్తి నిలబడింది. టీచరు ముందుకు వంగి చూసింది.

“ఇంతేనా? చిక్కుడుకాయంత లేదే! నా బీడంతా ఇందులోనే ఉందా?”

“ఇందులోనే మేడమ్. తాకొద్దు” అన్నాడు అతను, తల ఎత్తకుండానే.

ఆ పలచని ల్యాప్‌టాప్‌లో రెండో డిస్కుకు చోటు ఉండదు. కాబట్టి పాతదాన్ని ఒక డబ్బీలో, కొత్తదాన్ని ఇంకో డబ్బీలో పెట్టి, రెండింటినీ కొట్లోని కంప్యూటరుకు తగిలించి, పాతదానిలోంచి కొత్తదానిలోకి అంతా ఎక్కించాలి. డబ్బీలు రెండూ నల్లవే. అచ్చం ఒకేలా ఉంటాయి. అందుకే జాగ్రత్త గలవాళ్ళు పాతది పెట్టిన డబ్బీ మీద ఎర్రటి గోళ్ళరంగు చుక్క పెట్టి, తెర మీద ఏ వరస దేనిదో చదివి చూస్తారు. పని నేర్పినవాడు మద్దిలేటికి కూడా అదే నేర్పాడు. మద్దిలేటి ఆ చుక్కా, ఆ చదవడమూ మానేసి చాలా కాలమైంది. ఎప్పుడూ పాతదే ముందు తగిలిస్తాడు. తెర మీద పైవరసలో వచ్చేది పాతది, కిందివరసలో వచ్చేది కొత్తది. పైదాన్ని కిందికి ఎక్కించడమే. ఇంక చూసేదేముంది?

ఆ రోజు టీచరు, “కొత్తది మంచిదేనా? ఒకసారి తగిలించి చూపించు నాయనా” అంది. మద్దిలేటి కొత్తదాన్ని ముందు తగిలించి చూపించాడు. ఆమె తృప్తిపడింది. అప్పుడు పాతదాన్ని తగిలించాడు. అది కిందివరసలోకి చేరింది.

అంతలో ఖాజా టీ గ్లాసులతో వచ్చాడు. “ఏమన్నా, టీ చల్లారేలోపు అయిపోతుందా?”

“నువ్వు ఊదుకునేలోపే అయిపోతుంది చూడు” అన్నాడు మద్దిలేటి. అంటూనే పైదాన్ని కిందికి ఎక్కించమని కంప్యూటరుకు చెప్పాడు. ‘కింది డిస్కులో ఉన్నదంతా చెరిగిపోతుంది. నీకు సమ్మతమేనా?’ అని తెర అడిగింది. అతను ఖాజా వైపు చూసి నవ్వుతూ ‘సరే’ నొక్కాడు.

పని పరుగులు తీసింది. ఎంత పరుగంటే మద్దిలేటికే వింతగా తోచింది. ఇన్నేళ్ళ కూతలు ఇంత తేలిగ్గా ఎలా కదులుతున్నాయి? అప్పుడు మొదటిసారి తెరను చదివాడు. ఖాళీ డిస్కు నిండు డిస్కును మింగుతోంది. తీగ పట్టుకుని లాగేశాడు.

“అప్పుడే అయిపోయిందా నాయనా?” అని అడిగింది టీచరు.

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. పాతది పుచ్చిపోయింది మేడమ్ అంటే ఆమె నమ్మేది. డిస్కు నోరు విప్పి కాదనదు. కానీ ఆమె చూపు ఇంకా ఆ డబ్బీ మీదే ఉంది, ఊయలలో బిడ్డను చూసినట్టు. అతనికి అబద్ధం పెగల్లేదు.

“తప్పు చేసినా మేడమ్. ఖాళీదాన్ని తీసుకెళ్ళి నిండినదాని మీద ఎక్కించినా. మధ్యలో లాగేసినా కానీ, ఎంత పోయిందో తెలీదు.”

టీచరు తిట్టలేదు. స్టూలు మీద కూలబడింది. “తక్కినవి పోతే మళ్ళీ పోయి కూర్చుంటా. లేని పిట్ట దగ్గరికి యాడికి పోను మద్దిలేటీ?” అంది. ఖాజా టీ గ్లాసులు అలాగే పట్టుకుని నిలబడిపోయాడు.

మద్దిలేటి కొట్టు తలుపు సగం వేశాడు. మిగతా పనులన్నీ పక్కన పెట్టాడు. పాత డిస్కు మీద ఇక ఒక్క అక్షరం కూడా రాయకుండా, అందులో మిగిలినదాన్ని ముక్క ముక్కగా వెతికి తీసి కొత్తదానిలో పెట్టాడు. ఈసారి ప్రతి ప్రశ్ననూ పైకి చదివాడు. టీచరు అవునన్నాకే నొక్కాడు. కూతలు బయటికి వచ్చాయి కానీ పేర్లు రాలేదు. ఏది ఏ పిట్టదో, ఎప్పటిదో చెప్పే మాట ఒక్కటీ లేదు. అన్నిటికీ వట్టి అంకెలే.

“పేరు పోతే పోనీలే. గొంతు ఉంటే చాలు. ఒక్కొక్కటే పెట్టు” అని టీచరు కళ్ళు మూసుకుంది.

మొదటిది మోగింది. “కౌజుపిట్ట. పొద్దున్నే, చేనుగట్టు మీద.”

“పొద్దున అని ఎట్లా తెలుసు మేడమ్?”

“వెనక గొర్రెల గంటలు వినలేదా? ఒకటీ అరా మోగుతున్నాయి. మంద ఇంకా లేవలేదు.”

మద్దిలేటి మళ్ళీ పెట్టి విన్నాడు. నిజమే. ఎక్కడో దూరంగా ఒక గంట, కాసేపటికి ఇంకో గంట.

“ఇది ఉల్లంకిపిట్ట. నేల మీది గుడ్ల దగ్గరికి కుక్క వచ్చింది.”

“కుక్క మొరగలేదే!”

“మొరిగేది కుక్క కాదు, పిట్టే. తిట్టు విను. మనిషినైతే ఇంత మాట అనదు.”

మద్దిలేటి నవ్వబోయి ఆగిపోయాడు. ఆ తిట్టులో తల్లి గుండె దడ వినపడింది. తర్వాతి కూతలో గడ్డి మీద గాలి పాకుతున్న చప్పుడు, ఆ తర్వాతిదానిలో వాన వెలిసిన నేల మెత్తదనం, ఇంకొకదానిలో కదలకుండా కూర్చున్న టీచరు ఊపిరి. ఇలాంటి నల్లటి ముక్కల్ని ఎన్నింటినో విప్పాడు, బిగించాడు. ఏ ఒక్కదానిలోనైనా ఏముందో అనుకున్న పాపాన పోలేదు. గోరంత చోటులో ఇంత ఆకాశం పడుతుందా!

అలా కొన్ని రోజులు విన్నారు. చాలా కూతలు దక్కాయి. బట్టమేక మాత్రం రాలేదు. ఇక రాదనుకున్నాక ఒక సాయంత్రం వచ్చింది.

ముందు గాలి. తర్వాత చాలా దూరం నుంచి, నేల లోపల ఎవరో పెద్ద కాగును గుద్దినట్టు, బరువైన పిలుపు. చెవికంటే ముందు రొమ్ముకు తగిలింది. మద్దిలేటి తనకు తెలియకుండానే లేచి నిలబడ్డాడు, ఎవరో పెద్దవాళ్ళు లోపలికి వచ్చినట్టు. పిట్ట మళ్ళీ పిలిచింది. మూడోసారి పిలవబోయి, గొంతు ఎత్తిన చోటే తెగిపోయింది.

“తర్వాత?” అన్నాడు మద్దిలేటి.

“తర్వాత ఇంకా పిలుస్తుంది. చివర రెక్కలు కొట్టుకుంటూ లేచిపోతుంది. ఆ రెక్కల చప్పుడు ఉండేది” అంది టీచరు. “అది పోయింది.”

ఎంత వెతికినా ఆ ముక్క దొరకలేదు.

కొత్త డిస్కును ల్యాప్‌టాప్‌లో బిగించాక, దాన్ని అప్పజెప్పి ఊరుకోలేదు మద్దిలేటి. టీచరు వెంట ఆ ఊరి బడికి వెళ్ళాడు. పిల్లలు చాపల మీద కూర్చున్నారు. టీచరు బట్టమేక పిలుపు పెట్టింది. గుసగుసలు ఆగిపోయాయి. ఒక పిల్లవాడు నేల మీద అరచెయ్యి ఆనించి చూశాడు. మూడో పిలుపు మధ్యలో తెగింది. ముందు వరసలో కూర్చున్న పిల్ల నోరు తెరిచి అలాగే ఎదురుచూసింది. ఎంతకీ రాకపోయేసరికి, “తర్వాత ఏమైంది టీచర్?” అంది.

టీచరు మద్దిలేటి వైపు చూసింది. అతను లేచి చేతులు కట్టుకున్నాడు.

“తర్వాత ఇంకా ఉండేదమ్మా. నేను చెరిపేసినా. చెరపమంటావా అని తెర నన్ను అడిగింది కూడా. నేను చదవలేదు.”

“మళ్ళీ ఒకసారి పిట్టనే పిలవమనొచ్చు కదా అన్నా?” అంది ఆ పిల్ల.



తెలిసిన పనే కదా అని చూడకుండా చేసేవాడు, పని తెలియనివాడికంటే ఎక్కువ చెరుపు చేస్తాడు. మళ్ళీ తేలేని దాని మీద చెయ్యి వేసే ముందు, ఎంత చెయ్యి తిరిగినవాడైనా ఆగి, కళ్ళు పెట్టి చూసుకోవాలి.