రాజకార్యం మినహాయింపు

వెదురుగిరి రాజ్యంలో రథాలూ ఉండేవి, సెల్‌ఫోన్లూ ఉండేవి. ఎలా కుదిరిందని నన్నడగకండి. నేను శాసనాలు రాసే సోమిదేవయ్యని, చరిత్ర రాసేవాణ్ణి కాను.

ఒకరోజు మహారాజుగారి రథం కుమ్మరుల సంతలోకి దూసుకుపోయింది. సారథి ఒక చేత్తో కళ్లేలు, ఇంకో చేత్తో ఫోను పట్టుకుని, బీరకాయ పప్పా పులుసా అని ఇంట్లోవాళ్లతో తేల్చుకుంటున్నాడట. కుండలమ్మే ఆవిడకు కాలు విరిగింది. రాజుగారు పెంకులు దులుపుకుంటూ నన్ను పిలిపించి, తోలేవాడు ఫోను పట్టకుండా చట్టం రాయమన్నారు. ఇంకొక్క కాలు విరిగితే నీ కొలువు ఊడుతుందన్నారు.

కొలువు పోతే నాకు వేరే విద్య రాదు. వంట కూడా రాదు. రోజంతా కూర్చుని బ్రహ్మాండంగా రాశాను: ఫోను పట్టినవాడి రథం జప్తు. చివర ఒక్క మాట చేర్చాను, "రాజకార్యమైతే తప్ప" అని. నాకొచ్చే ఫోన్లన్నీ రాజకార్యాలేనని నా గట్టి నమ్మకం.

వారం తిరిగేసరికి అందరివీ రాజకార్యాలే అయ్యాయి. నెయ్యి వర్తకుడు తన నెయ్యి కోట వంటింటికే వెళ్తుందన్నాడు. పెళ్లిళ్ల పేరయ్య, తను కుదిర్చిన జంటలకు పుట్టేది రాజుగారి ప్రజలే కదా అన్నాడు. తలారులు ఒక్క రథాన్నీ పట్టలేకపోయారు.

రాజుగారు నా వైపు గుర్రుగా చూశారు. అప్పుడు గుర్రపుశాల పెద్ద అంకాలు లేచి, ఆ మాట తీసెయ్యకుండానే చట్టం బాగుచేస్తానంది. దాణా పెట్టే మనిషి నాకు శాసనం నేర్పుతుందా అని మీసం దువ్వాను. అయితే నీ రథం మీదే చూద్దాం పదమన్నారు రాజుగారు.

కళ్లేలు నేను పట్టాను. వెనక రాజుగారు, అంకాలు. నాకు ఫోను రాని గడియ ఉండదని ఊరందరికీ తెలుసు. మలుపు తిరిగామో లేదో మోగనే మోగింది. అలవాటైన చెయ్యి ఆగుతుందా? తీసి, "రాజకార్యం, ప్రభూ" అన్నాను దర్జాగా.

అంకాలు ముందుకు వంగింది.

"రాజకార్యమైతే రాజుగారు ఇనాలి గదయ్యా. స్పీకరు పెట్టండి."

కాదనడానికి నా చట్టంలో ఒక్క ముక్కా లేదు. పెట్టాను. మా ఆవిడ గొంతు వీధంతా వినిపించింది.

"ఏమండీ, ఆ చట్టం గొడవ తేలిందా? రాజుగారు ఏదీ చదవకుండానే ముద్ర గుద్దేస్తారని మీరేగా అన్నారు, ఇంకా ఎందుకు బెంగ?"

రాజుగారు నా భుజం మీదుగా ఫోను దగ్గరికి వంగారు.

"నిజమే తల్లీ, చదవలేదు. ఇవాళే విన్నాను."

అని కిరీటం జారేలా నవ్వారు. వీధి వీధంతా నవ్వింది. అక్కడికక్కడే చట్టం మార్చారు: తోలేవాడికి రాజకార్యం వస్తే నడివీధిలో స్పీకరు పెట్టి తీరాలి. విన్నవాళ్లంతా ఫోన్లు గబగబా సంచుల్లో దాచేశారు. నా కొలువు ఉంచారు గానీ, నా రథాన్ని అంకాలుకు బహుమానంగా ఇచ్చేశారు.

దిగి, కళ్లేలు నేనే ఆమె చేతిలో పెట్టాను. మా ఆవిడ ఇంకా లైన్లోనే ఉంది.