బుర్రా వారి సైకిలు యాత్ర

దిబ్బలవలసలో బుర్రా వారి ఇల్లు ఎక్కడంటే పసిపిల్లలు కూడా చూపిస్తారు. "అందరికీ బుర్ర మెడ మీదే ఉంటాది. మాకు ఇంటిపేరులో కూడా ఉంది" అని తల్లి ఎర్నమ్మ వచ్చిన వాళ్ళకీ పోయిన వాళ్ళకీ చెప్పుకుంటుంది. ఆమెకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు పైడినాయుడు, నడిపివాడు సన్యాసప్పడు, చిన్నవాడు గౌరప్పడు. ముగ్గురూ కూర్చుని ఆలోచించకుండా ఏ పనీ చేయరు. అందుకే ఏ పని చెడినా ఫలానావాడు చెడగొట్టాడని ఎవరూ అనలేరు.

ఓ రోజు డాక్టరమ్మ ఒకావిడ ఊళ్ళోకి వచ్చి పంచాయతీ ఆఫీసు ముందు మైకు పట్టుకుంది. మగవాళ్ళు బాధంతా లోపలే పెట్టుకుని కుమిలిపోతున్నారనీ, మన వైపు వారానికోసారి మనసు డాక్టరు వచ్చి కూర్చునే ఏర్పాటు చేయాలనీ, దానికి చందాలు పోగుచేయడానికి దిబ్బలవలస నుంచి చేపలపేట సముద్రం దాకా మర్నాడే సైకిలు యాత్ర పెట్టామనీ చెప్పింది.

"గుండెల మీది బరువు దించుకుందాం. కడుపులో ఏదీ దాచుకోవద్దు. ఒకరి భుజం ఒకరు తట్టాలి. మనసు విప్పి మాట్లాడుకోవాలి. దారిలో ఒక్క మగాణ్ణి కూడా వెనక వదిలేసి రాకూడదు" అంది.

అన్నదమ్ములు ఒక్క మాట పోకుండా విన్నారు. ఇంటికొచ్చి ఆలోచనలో పడ్డారు.

"అన్నయ్యా, మన గుండెల మీద బరువేటీ లేదే. లేని బరువు ఎలా దించుతాం?" అన్నాడు గౌరప్పడు.

"ఉత్త గుండెతో వెళ్తే డాక్టరమ్మని మోసం చేసినట్టే" అన్నాడు పైడినాయుడు.

అంతే. రుబ్బురోలు పొత్రం తెచ్చి గౌరప్పడి గుండెకి తాడేసి కట్టారు. తెల్లారి ఎర్నమ్మ చద్దన్నం పెట్టబోయి ఆగిపోయింది. కడుపులో ఏదీ దాచుకోవద్దన్నారు కదా. ముగ్గురికీ చద్ది మూటలు కట్టి కడుపుల మీద బిగించింది. "లోపల ఉంటే తప్పు గానీ, బయట ఉంటే తప్పేటి" అంది. తల్లి తెలివికి కొడుకులు మురిసిపోయారు.

అలా పొట్టల మీద అన్నం, పొట్టల్లో ఆకలి పెట్టుకుని సైకిళ్ళెక్కారు. ఊరి చివర మలుపు దగ్గర సన్యాసప్పడికి మాట గుర్తొచ్చింది. పక్కన తొక్కుతున్న లెక్కల మాస్టారి భుజం తట్టాడు. వాడిది కొడవలి పట్టే చెయ్యి. ఇంకేముంది, మాస్టారు వెళ్ళి పోస్టుమాను మీద పడ్డాడు, పోస్టుమాను వెళ్ళి టైలరు మీద పడ్డాడు, టైలరు వెళ్ళి చెరకు తోటలో పడ్డాడు. పడ్డవాళ్ళని లేపబోయి పైడినాయుడు వాళ్ళ భుజాలు కూడా తట్టాడు. లేచిన వాళ్ళు మళ్ళీ పడ్డారు. చివరికి అందరూ బట్టలు దులుపుకుని, "మీరు మాకు దూరంగా రండి నాయనా" అని దణ్ణం పెట్టి ముందుకు పోయారు.

"చూశావా, మనమంటే ఎంత గౌరవమో" అన్నాడు పైడినాయుడు.

కొంత దూరం పోయాక వేపచెట్టు కింద ఒకాయన గడ్డం గీయించుకుంటూ కనబడ్డాడు. అన్నదమ్ములు ఆయన్ని దాటిపోయి, గబుక్కున సైకిళ్ళు ఆపారు. మగాడు వెనకపడిపోతున్నాడు. అంతే, మంగలి కత్తి పైకెత్తిన సమయం చూసి ఆయన్ని లేపుకొచ్చి సన్యాసప్పడి సైకిలు వెనక కూర్చోబెట్టారు. సగం మొహం నున్నగా, సగం మొహం నురగతో, ఆయన "ఒరే, నాకు మధ్యాహ్నం పెళ్ళిచూపులురా" అని మొత్తుకుంటున్నాడు.

"భయపడకు. నిన్ను వదిలేయం" అన్నాడు సన్యాసప్పడు.

ఆ తర్వాత బాతులు తోలుకెళ్ళే ఒక ముసలాయన దొరికాడు. ఆయన్ని గౌరప్పడు ఎక్కించుకున్నాడు. ముందు పొత్రం, వెనక ముసలాయన, వాటి వెనక బాతులన్నీ క్వాక్ క్వాక్ అంటూ.

అలా పోతుంటే కాలవ కల్వర్టు మీద ఒక మనిషి ఒక్కడూ కూర్చుని ఉన్నాడు. పేరు కూర్మయ్య, పక్కూరి పెళ్ళి బ్యాండులో క్లారినెట్ వాయిస్తాడు. తల కూడా ఎత్తలేదు.

"ఇక్కడెందుకు కూర్చున్నావు?" అన్నాడు పైడినాయుడు.

"ఊరికే."

"ఏ ఊరికి?"

కూర్మయ్య ఒకసారి చూసి మళ్ళీ నీళ్ళవైపు తిరిగాడు. "నన్నొదిలేయండి బాబూ. గుండెల మీద బండ పెట్టినట్టుంది."

"నాకూ అంతే" అని గౌరప్పడు చొక్కా ఎత్తి పొత్రం చూపించాడు. "నీది లోపల కట్టావేటి? ఎవరు కట్టారు?"

"మా అన్న. అన్న పోయాడు."

"ఎటు పోయాడు? మేం ఈ దారినే వస్తున్నాం, కనబడలేదే."

"తిరిగి రాడు."

"దారి తెలీదేటి పాపం?"

"పైకి పోయాడయ్యా."

ముగ్గురూ పైకి చూశారు. గడ్డం ఆయన కూడా చూశాడు. అక్కడ ఒక తాటిచెట్టు ఉంది. సన్యాసప్పడు దాని కిందకెళ్ళి, "ఏవండీ, మీ తమ్ముడు ఎదురుచూస్తున్నాడు, దిగండి" అని కేకేశాడు.

కూర్మయ్య లేచి నిలబడ్డాడు. మొహం ఎర్రబడింది. కొట్టేస్తాడనే అనుకున్నారు అందరూ.

"చచ్చిపోయాడు" అన్నాడు. "మా అన్న చచ్చిపోయాడు. నేను క్లారినెట్ వాయిస్తే పక్కన డోలు వాయించేవాడు. పాము కరిచి చచ్చిపోయాడు."

ఇన్నాళ్ళూ ఇంట్లో వాళ్ళు పోయాడన్నారు, కాలం చేశాడన్నారు, దేవుడి దగ్గరికి వెళ్ళాడన్నారు. చచ్చిపోయాడని ఎవరూ అనలేదు, కూర్మయ్యా అనలేదు. ఇప్పుడు తన నోట్లోంచి వచ్చిన ఆ మాటని తనే మొదటిసారి విన్నాడు.

పైడినాయుడు చాలాసేపు ఆలోచించాడు. "అయితే ఏడవాలి కదా. ఏడవటం లేదేటి?"

"మగాణ్ణి. ఆడవాళ్ళ ముందు ఏడవకూడదన్నారు."

"ఇక్కడ ఆడవాళ్ళు లేరు కదేటి."

కూర్మయ్య చుట్టూ చూశాడు. ముగ్గురు అన్నదమ్ములు, నురగ మొహం ఆయన, ముసలాయన. "బాతుల్లో ఉన్నాయి గానీ అవి పట్టించుకోవు" అన్నాడు ముసలాయన.

కూర్మయ్య కల్వర్టు మీద కూలబడి ఏడ్చాడు. ఎవరూ ఊరుకోమనలేదు, ఎందుకంటే ఊరుకోమనమని డాక్టరమ్మ చెప్పలేదు. ఏడుపు కాస్త తగ్గాక గౌరప్పడు కడుపు మీది మూట విప్పి ముందు పెట్టాడు. "ఇది లోపల దాచుకోవద్దన్నారు. పైపైన తిను" అన్నాడు. కూర్మయ్య ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. తింటూ తింటూ అన్న సంగతులన్నీ చెప్పాడు. గౌరప్పడు వింటూ వింటూ తన పొత్రం విప్పి కల్వర్టు మీద పెట్టి, "నిజమే, తేలిగ్గా ఉంది" అన్నాడు.

తర్వాత కూర్మయ్య పైడినాయుడి వెనక కూర్చున్నాడు. అందరూ చేపలపేట చేరేసరికి మిగతా వాళ్ళు ఎప్పుడో వచ్చేసి ఇసుకలో సేద తీరుతున్నారు. ఈ ఊరేగింపు చూసి డాక్టరమ్మ లేచి ఎదురొచ్చింది. కూర్మయ్య దిగి నేరుగా ఆమె దగ్గరికి వెళ్ళాడు.

"మనసు డాక్టరు ఎప్పట్నుంచి వస్తారమ్మా?"

"చందాలు సరిపోయాయి. వచ్చే గురువారం నుంచే."

"నేనొస్తాను. మొదటి పేరు నాదే రాసుకోండి."

డాక్టరమ్మ అతని ఉబ్బిన కళ్ళు చూసింది, అన్నదమ్ముల్ని చూసింది. మైకు తీసుకుని ఒకే ఒక్క మాట అంది. "ఈ యాత్ర ఇక్కడితో ఆగిపోకూడదు. ఏది అడ్డం వచ్చినా ముందుకు సాగుతూనే ఉండాలి."

జనం చప్పట్లు కొట్టారు. అన్నదమ్ములు మొహాలు చూసుకున్నారు. కాళ్ళు లాగేస్తున్నాయి, అయినా మాట మాటే. పైడినాయుడు సైకిలు ఎక్కి, "రా కూర్మయ్యా, ఇంకా అవలేదట" అన్నాడు. ముందు చూస్తే సముద్రం. కూర్మయ్యకు అంతా అర్థమైంది. దిగిపోవచ్చు. కానీ ఎన్నాళ్ళకో పెదవి చివర చిన్న నవ్వొచ్చింది. పంచె పైకి కట్టి వెనక కూర్చున్నాడు.

ఇంకేముంది, మూడు సైకిళ్ళూ నీళ్ళలోకి దిగాయి. గడ్డం ఆయనా, ముసలాయనా మాత్రం ఒడ్డునే ఆగిపోయారు. ఒడ్డున జాలర్లు నవ్వుతూనే తాళ్ళు సిద్ధం చేసుకున్నారు. నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చాయి. నడుం దాకా వచ్చాయి. ఒక అల వచ్చి నలుగురినీ వెనక్కి నెట్టింది. మళ్ళీ ఎక్కారు, మళ్ళీ నెట్టింది. కూర్మయ్య ఉప్పునీళ్ళు ఉమ్ముతూ పగలబడి నవ్వుతున్నాడు.

"అన్నయ్యా, ఎదురుగా వచ్చేవాళ్ళు తప్పుకోవటం లేదు" అన్నాడు సన్యాసప్పడు.

"బెల్లు కొట్టకపోతే వాళ్ళకేం తెలుస్తాది" అని పైడినాయుడు నీళ్ళలో తడుముకుని, వచ్చే ప్రతి అలకీ బెల్లు కొట్టడం మొదలుపెట్టాడు.